బ్రేకింగ్ బ్యాడ్, ద వైర్, ద సొప్రానోస్, బెటర్ కాల్ సాల్: ఎవరు ఏది ముందు చూడాలి?

"తీరిగ్గా చూసుకోవడానికి పొడవాటి క్రైమ్ సిరీస్ ఒకటి చెప్పు" అని అడిగితే అందరి నోటా వచ్చే పేర్లు దాదాపు ఇవే: ద సొప్రానోస్, ద వైర్, బ్రేకింగ్ బ్యాడ్, దానికి ముందు జరిగిన కథగా తర్వాత వచ్చిన బెటర్ కాల్ సాల్. నాలుగూ గొప్పవే. అయితే నాలుగూ అందరికీ ఒకేలా ఎక్కవు. బ్రేకింగ్ బ్యాడ్‌ను రాత్రీ పగలూ కూర్చుని పూర్తిచేసిన మనిషి, ద వైర్ దగ్గరికి వచ్చేసరికి రెండో ఎపిసోడ్‌కే చేతులెత్తేయడం నేను చాలాసార్లు చూశాను. వాళ్లు వెతుక్కుంటూ వెళ్లింది అక్కడ లేదు, అంతే. ఒక్కో సిరీస్‌కూ దాదాపు యాభై గంటలో, అంతకు మించో పట్టే వ్యవహారం కాబట్టి, మొదలుపెట్టే ముందే మనకు ఏది సరిపోతుందో చూసుకోవడం మంచిది.

వీటిని విడదీసి చూడటానికి నాకు పనికొచ్చిన గీటురాయి ఒక్కటే: ఈ కథలో మనిషి మారతాడా? హత్య ఎవరు చేశారన్న ప్రశ్న ఒక ఎపిసోడ్‌ను లాగగలదు, మహా అయితే ఒక సీజన్‌ను. ఆరేళ్లు, ఎనిమిదేళ్లు కథను మోయడానికి అది చాలదు. ఈ నాలుగింటి రచయితలూ మనిషి మార్పు మీదే కథ కట్టారు, జవాబులు మాత్రం వేరువేరుగా ఇచ్చారు. సొప్రానోస్‌లో మనిషికి తన గురించి తనకు అంతా తెలుస్తుంది, అయినా మారడు. వైర్‌లో మారాలనుకుంటాడు, చుట్టూ ఉన్న వ్యవస్థ మారనివ్వదు. బ్రేకింగ్ బ్యాడ్‌లో పూర్తిగా మారిపోతాడు, లేదా ఎప్పటినుంచో లోపల ఉన్నవాడు బయటికొస్తాడు. బెటర్ కాల్ సాల్‌లో మంచిగా బతకాలని నిజంగానే ప్రయత్నించిన మనిషి, తనవాళ్లు తనను ఎలాంటివాడని అనుకున్నారో చివరికి అలాగే తయారవుతాడు. వీటిలో ఏది చదవగానే మీకు ఆసక్తి పుట్టిందో దానితోనే మొదలుపెట్టండి. మిగతాదంతా ఎందుకో వివరించే ప్రయత్నం. తొలి సీజన్ల సన్నివేశాలు కొన్ని చెబుతాను, ముగింపులు మాత్రం చెప్పను.

మన ఇళ్లలో పొడవాటి క్రైమ్ సీరియల్ అనగానే గుర్తొచ్చేది సీఐడీ. సోనీలో 1998లో మొదలై 2018 దాకా నడిచింది. ఏసీపీ ప్రద్యుమన్ వేళ్లు తిప్పుతూ అనుమానపడటం, దయా తలుపు బద్దలుకొట్టడం చూస్తూ పెరిగిన తరం మనది. అందులో పాత్రలు మారవు, మారకూడదు కూడా. ఏ రోజు ఏ ఎపిసోడ్ పెట్టినా అదే మనిషి కనబడాలి, ఆ రకం కథల బలమే అది. అమెరికాలో 1999 నుంచి నడుస్తున్న లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్ కూడా దాదాపు ఈ కోవదే. కాకపోతే అందులో ఒలీవియా బెన్సన్ డిటెక్టివ్‌గా మొదలై కెప్టెన్ దాకా ఎదగడం ఏళ్ల తరబడి చూడొచ్చు. అన్నం తింటూ ఒక కేసు చూసి లేచిపోవాలనుకునేవాళ్లకు ఇలాంటివే హాయి. పై నాలుగింటితో అలా కుదరదు. మధ్యలో ఒక ఎపిసోడ్ వదిలేస్తే కథ చెయ్యిజారుతుంది.

బ్రేకింగ్ బ్యాడ్: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

ఇప్పటిదాకా ఇలాంటివి ఏవీ చూడనివాళ్లకు నేను ఆలోచించకుండా చెప్పేది ఇదే. విన్స్ గిల్లిగన్ సృష్టించిన ఈ సిరీస్ ఏఎంసీ ఛానల్‌లో 2008 నుంచి 2013 వరకు వచ్చింది. అయిదు సీజన్లు, 62 ఎపిసోడ్లు. న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీలో వాల్టర్ వైట్ హైస్కూల్ కెమిస్ట్రీ మాస్టారు. యాభయ్యో పుట్టినరోజు దాటుతూనే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలుస్తుంది. కడుపుతో ఉన్న భార్య, కర్రల సాయంతో నడిచే కొడుకు. తను పోయాక ఇల్లు గడవాలని పాత విద్యార్థి జెస్సీ పింక్‌మన్‌తో కలిసి మెథ్ అనే మత్తుమందు తయారుచేయడం మొదలుపెడతాడు. ఇంతవరకు వింటే కష్టాల్లో చిక్కుకున్న తండ్రి కథ.

మూడో ఎపిసోడ్‌లో వాల్టర్ జెస్సీ ఇంటి బేస్‌మెంట్‌లో ఒక మనిషిని మెడకు సైకిల్ తాళం వేసి బంధించి ఉంచుతాడు. చంపాలా వదిలేయాలా అని తేల్చుకోలేక కాగితం మీద రెండు వరసలు గీస్తాడు. వదలడానికి కారణాలు చాలా ఉంటాయి. చంపడానికి ఒక్కటే: వదిలితే ఇంటిల్లిపాదినీ చంపేస్తాడు. చివరికి వదిలేద్దామనే నిర్ణయించుకుని తాళం కోసం పైకి వెళ్తాడు. అక్కడ ఎందుకో అనుమానం వచ్చి, ముందు పగిలిన ప్లేటు ముక్కల్ని చెత్తబుట్టలోంచి తీసి ఒక్కొక్కటే పేర్చి చూస్తాడు. ఒక ముక్క తక్కువ. ప్లేటు మధ్యలో కత్తిమొన లాంటి ఖాళీ. ఆ ఖాళీని చూసి అతని ముఖం మారే తీరు చూడండి, బ్రయన్ క్రాన్‌స్టన్ ఎంత పెద్ద నటుడో అక్కడే తెలిసిపోతుంది. ఇంత మథనపడిన ఇదే మనిషి చివరి సీజన్‌కు వచ్చేసరికి కాగితం తీయాల్సిన అవసరమే లేని స్థితికి చేరతాడు. ప్రసారానికి అయిదేళ్లు పట్టినా కథలో గడిచే కాలం మాత్రం సుమారు రెండేళ్లే. అంత వేగంగా జరిగిన పతనం కాబట్టే ఎక్కడా ఊపిరి సలపదు.

అయిదో ఎపిసోడ్ నాకు మరీ ముఖ్యం. ఒకప్పుడు వాల్టర్ తన మిత్రుడు ఎలియట్‌తో కలిసి పెట్టి, తర్వాత వాటా వదులుకుని వచ్చేసిన కంపెనీ ఇప్పుడు ఆకాశానికి ఎదిగింది. ఎలియట్ ఉద్యోగం ఇస్తానంటాడు, దాంతోపాటు మంచి ఇన్సూరెన్స్ వస్తుంది, వైద్యం ఖర్చు తీరిపోతుంది. ఇంట్లోవాళ్లంతా హాల్లో కూర్చుని ఒక దిండును చేతులు మార్చుకుంటూ, దిండు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలన్న ఒప్పందంతో, వైద్యం సంగతి తేలుస్తారు. వాల్టర్ వైద్యానికి ఒప్పుకుంటాడు. ఎలియట్ సాయానికి మాత్రం ఒప్పుకోడు. కారెక్కి జెస్సీ ఇంటికి వెళ్లి మళ్లీ వండుదామా అని అడుగుతాడు. డబ్బు దొరికే శుభ్రమైన దారి ఎదురుగా ఉండగా కాదన్నాడంటే, కుటుంబం కోసం అన్న మాట సగం అబద్ధమేనని మొదటి సీజన్‌లోనే తేలిపోయింది. చూసేవాళ్లం మాత్రం ఆ అబద్ధాన్ని ఇంకా చాలాకాలం నమ్ముతూ అతని వెంటే నడుస్తాం.

ఆ నమ్మకం ఎంత బలంగా ఉండేదంటే, అతన్ని నిలదీసిన భార్య స్కైలర్ పాత్రను ప్రేక్షకులు ద్వేషించారు. ఆ పాత్ర వేసిన ఆనా గన్ 2013లో న్యూయార్క్ టైమ్స్‌లో దీని గురించి స్వయంగా వ్యాసం రాయాల్సి వచ్చింది. మీరు చూసేటప్పుడు ఒక పని చేయండి: ప్రతి సీజన్ చివర ఆగి, స్కైలర్ స్థానంలో మీ అక్కో చెల్లెలో ఉంటే ఏం చేయమని చెప్పేవారో ఆలోచించండి. సిరీస్ వేరేగా కనబడుతుంది.

తక్కువ చోట్లే అయినా తడబాట్లు ఉన్నాయి. హాలీవుడ్ రచయితల సమ్మె వల్ల మొదటి సీజన్ ఏడు ఎపిసోడ్లకే ఆగిపోయింది, దాంతో ఆ సీజన్ సగంలో తెగినట్టు అనిపిస్తుంది. అంతకంటే పెద్ద లోటు ఇంకోటుంది. వాల్టర్ వండిన సరుకు తీసుకుని చితికిపోయిన మనుషులు ఈ కథలో అంచుల్లోనే ఉంటారు. ఒకటి రెండు ఎపిసోడ్లలో వాళ్ల ఇళ్లలోకి తీసుకెళ్లినా మళ్లీ వాల్టర్ దగ్గరికే వచ్చేస్తుంది. ఆ మనుషుల్ని చూడాలనుకుంటే రెండోదాని దగ్గరికి వెళ్లాలి.

ద వైర్: ఓపిక ఉన్నవాళ్లకు, ఊరు అర్థం కావాలనుకునేవాళ్లకు

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. బాల్టిమోర్ సన్ పత్రికలో క్రైమ్ రిపోర్టర్‌గా పనిచేసిన డేవిడ్ సైమన్ దీని సృష్టికర్త. అతనికి తోడుగా కలం పట్టిన ఎడ్ బర్న్స్ అదే ఊళ్లో హత్య కేసుల డిటెక్టివ్‌గా పనిచేసి, తర్వాత ప్రభుత్వ బడిలో పంతులైనవాడు. ఒకరు రాసింది, ఒకరు బతికింది కలిసిపోయిన కథ. హెచ్‌బీఓలో 2002 నుంచి 2008 వరకు అయిదు సీజన్లు, 60 ఎపిసోడ్లు. నడుస్తున్న రోజుల్లో చూసినవాళ్లు తక్కువ. అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీల్లో రచనకు రెండుసార్లు నామినేషన్ వచ్చిందే తప్ప అవార్డు ఒక్కటీ రాలేదు.

కథ జరిగేది బాల్టిమోర్ నగరంలోనే, సీజన్ మారినప్పుడల్లా ఊళ్లో ఇంకో మూలకు జరుగుతుంది. మొదట గవర్నమెంటు ఇళ్ల సముదాయంలో మత్తుమందులు అమ్మే ముఠా, వాళ్ల ఫోన్లు ట్యాప్ చేయాలని చూసే పోలీసులు. రెండోదాంట్లో పనులు తగ్గిపోతున్న ఓడరేవు కార్మికులు. మూడోదాంట్లో రాజకీయం. నాలుగోదాంట్లో బడి. అయిదోదాంట్లో పత్రికాఫీసు. పాత పాత్రలు పోవు, వెనక్కి జరుగుతాయి, మళ్లీ ఎప్పుడో ముందుకొస్తాయి. రెండో సీజన్ మొదట్లో "ఈ రేవు గొడవ మనకెందుకు, మొదటి సీజన్ వాళ్లేరి?" అని చిరాకు పడనివాళ్లు అరుదు. సీజన్ పూర్తయ్యాక ఆ చిరాకు ఉండదు. సరుకు ఊళ్లోకి ఏ దారిన వస్తుందో, ఉద్యోగాలు ఎటు పోయాయో తెలిశాక మొదటి సీజన్ పిల్లలు ఆ వీధి మూలల్లో ఎందుకు నిలబడ్డారో కూడా తెలుస్తుంది.

ఈ సిరీస్ అంతా ఇమిడి ఉన్న సన్నివేశం మూడో ఎపిసోడ్‌లోనే వస్తుంది. ఇళ్ల మధ్య ఖాళీస్థలంలో ఇద్దరు కుర్రాళ్లు, బోడీ, వాలెస్, చదరంగం పావులతో వేరే ఆట ఏదో ఆడుకుంటుంటారు. ముఠా నాయకుడి మేనల్లుడు డీఆంజెలో వచ్చి అసలాట నేర్పుతాడు. రాజు ఎక్కువ కదలడు, చుట్టూ ఉన్నవాళ్లే కాపాడతారు. మంత్రి పనులన్నీ చక్కబెడతాడు. ఏనుగు అంటే సరుకు దాచే చోటు లాంటిది, మారుతూ ఉంటుంది. కుర్రాళ్లకు అన్నీ వెంటనే అర్థమైపోతాయి, ఎందుకంటే అవి వాళ్ల ముఠా గురించే. చివర బోడీ బంటు సంగతి అడుగుతాడు: అవతలి గట్టు దాకా వెళ్తే నేను రాజునవుతానా? కావు, రాజు ఎప్పటికీ రాజే అంటాడు డీఆంజెలో. బంట్లు ముందే పోతాయని కూడా చెబుతాడు. తెలివైన బంటయితే పోదంటాడు బోడీ. అయిదు సీజన్లు ఆ ఒక్క వాదన చుట్టూనే తిరుగుతాయి. ముఠాలోనే కాదు, పోలీసుశాఖలో, మేయరు ఆఫీసులో, బడిలో, పత్రికలో కూడా.

పాత్ర మారడం గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ప్రెజ్ అనే పోలీసును తప్పక చెప్పుకోవాలి. నాకు టీవీలో చూసిన పాత్రలన్నింటిలో ఇతని ప్రయాణం మీద అభిమానం ఎక్కువ. రెండో ఎపిసోడ్‌లో ఇతను తాగిన మత్తులో ఒక పద్నాలుగేళ్ల పిల్లవాడి ముఖం మీద తుపాకీ మడమతో కొట్టి కన్ను పోగొడతాడు. మామగారు పెద్ద అధికారి కావడంతో ఉద్యోగం నిలబడుతుంది. చూసేవాళ్లకు ఇతని మీద జాలి పుట్టే అవకాశమే లేదు. బయటికి పంపకుండా ఆఫీసులో కూర్చోబెడితే, ముఠా పేజర్లలో వాడే అంకెల రహస్యాన్ని ఇతనే విప్పుతాడు: ఫోన్ బటన్ల మీద మధ్యలో ఉన్న 5ను దాటి ఎదుటి అంకెకు దూకడం. వీధిలో ప్రమాదకరంగా ఉన్న మనిషి కాగితాల ముందు కూర్చుంటే మెరుస్తాడు. తర్వాత పోలీసు ఉద్యోగమే పోతుంది. నాలుగో సీజన్‌లో ఇతను లెక్కల మాస్టారుగా కనబడతాడు, ముందు వణుకుతూ, తర్వాత పాచికలతో సంభావ్యత నేర్పుతూ. పేకముక్క, పాచిక అంటే చెవులు నిక్కబొడుచుకునే పిల్లలు ఒక్కసారిగా లెక్క చేయడం మొదలుపెడతారు.

మామూలు సిరీస్ అయితే అక్కడ సంగీతం పెట్టి సంబరం చేసేది. వైర్ చేయదు. రాష్ట్ర పరీక్షలు దగ్గరపడ్డాయి, పాచికలు పక్కనపెట్టి ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టించమని బడి నుంచి ఒత్తిడి వస్తుంది. మార్కులు పెరిగితే బడి బాగుపడినట్టు పైకి చూపించవచ్చు. పోలీసుశాఖలో నేరాల లెక్కలు తగ్గించి చూపించడం ఎలా జరుగుతుందో ప్రెజ్ దగ్గరుండి చూసినవాడు. రెండూ ఒకటేనని అతనికి ఒక్క క్షణంలో అర్థమవుతుంది. మార్కుల కోసం, ర్యాంకుల కోసం పిల్లల్ని రుద్దే చదువులు చూసిన తెలుగు తల్లిదండ్రులకు ఈ సీజన్ వేరే దేశం కథలా అనిపించదు. ఎనిమిదో తరగతి చదివే మైకల్, నేమండ్, రాండీ, డూకీ అనే నలుగురు స్నేహితుల కథ ఈ సీజన్‌కు గుండె. వాళ్లేమవుతారో చెప్పను. నలుగురిలో ఎవరు బాగుపడతారో మొదటి ఎపిసోడ్ చూసి ఊహించి రాసిపెట్టుకోండి, చివర సరిచూసుకోండి.

ఇంకో జోడీని కూడా గమనించండి. కార్వర్, హెర్క్ మొదటి సీజన్‌లో అచ్చం ఒకేలా ఉంటారు: మొరటుగా, బద్ధకంగా, చిన్న చిన్న కక్కుర్తులతో. మూడో సీజన్‌లో బనీ కోల్విన్ అనే పెద్దాయన కార్వర్‌తో ఒక మాట అంటాడు, నీ పరిధిలో జనం ఎవరో కూడా నీకు తెలియదు, నువ్వు పోలీసువు కావు సైనికుడివి అన్నట్టుగా. కార్వర్ ఆ మాట చెవినపెడతాడు. హెర్క్‌కు అలాంటి మాట చెప్పేవాడు దొరకడు, దొరికినా వినడు. రెండు సీజన్ల తర్వాత ఈ ఇద్దరూ ఎంత దూరమయ్యారో చూసుకుంటే, ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే మార్పు ఎలా జరుగుతుందో తెలుస్తుంది.

ఇక ఇబ్బందులు. పాత్రలు చాలా ఎక్కువ, ఎవరెవరో చెప్పి పరిచయం చేయరు. బాల్టిమోర్ వీధి భాష అమెరికన్లకే సగం అర్థం కాదంటారు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోకుండా చూడకండి. జరిగింది గుర్తుచేయడానికి ఫ్లాష్‌బ్యాక్‌లు దాదాపు ఉండవు. ఫోన్ చూసుకుంటూ చూసే సిరీస్ కాదిది. నాలుగో ఎపిసోడ్ దాకా మాత్రం ఎలాగైనా రండి. అందులో మెక్‌నల్టీ, బంక్ అనే ఇద్దరు డిటెక్టివులు పాత హత్య జరిగిన ఖాళీ వంటగదికి వెళ్తారు. టేపుతో దూరాలు కొలుస్తారు, ఫొటోలు నేల మీద పరుస్తారు, గుండు దూసుకెళ్లిన దారి వెతుకుతారు. ఆ కొద్ది నిమిషాలూ ఇద్దరూ మాట్లాడేది ఒకే ఒక్క బూతుమాట, రకరకాల స్వరాల్లో. అయినా హత్య ఎలా జరిగిందో మనకు అక్షరం అక్షరం తెలిసిపోతుంది. ఆ సన్నివేశం చూశాక కూడా మనసు లాగకపోతే నిస్సంకోచంగా ఆపేయండి, ఇది మీకోసం కాదు.

ద సొప్రానోస్: ఇల్లు, అమ్మ, డాక్టరు గది

డేవిడ్ చేజ్ సృష్టించిన సొప్రానోస్ వీటన్నింటికంటే పెద్దది, పాతది. హెచ్‌బీఓలో 1999 జనవరి నుంచి 2007 జూన్ దాకా, ఆరు సీజన్లు, 86 ఎపిసోడ్లు. మిగతావాటికి దారి వేసింది ఇదే. న్యూజెర్సీలో మాఫియా పెద్ద టోనీ సొప్రానో ఈతకొలనులో కొన్నాళ్లు ఉన్న బాతులు ఎగిరిపోవడం చూసి కుప్పకూలిపోతాడు. గుండెపోటు కాదు, ప్యానిక్ ఎటాక్. అక్కణ్నుంచి డాక్టర్ మెల్ఫీ గదిలో మానసిక చికిత్స మొదలవుతుంది. ఎడిసన్, జెర్సీ సిటీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఇందులో అదనపు ఆనందం ఒకటుంది: టైటిల్స్‌లో టోనీ లింకన్ టన్నెల్ దాటి టర్న్‌పైక్ అనే టోల్ రహదారి ఎక్కే దారి మీరు రోజూ వెళ్లే దారే కావచ్చు.

కథ మలుపుల కోసం చూసేవాళ్లు దీనికి దూరంగా ఉండటమే మేలు. ఇందులో చాలా ఎపిసోడ్లు ఏ ముడీ విప్పకుండా ముగుస్తాయి. మనుషులు తమకు తాము చెప్పుకునే అబద్ధాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు మాత్రం ఇంతకు మించింది లేదు. చికిత్సలో టోనీకి తెలివి పెరుగుతుంది, మంచితనం పెరగదు. మొదటి సీజన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. పెద్దవయసు వాళ్లకు తమ మాటే చెల్లుతోందన్న భ్రమ కలిగిస్తే గొడవలు తగ్గుతాయని మెల్ఫీ చెబుతుంది, ఆవిడ ఉద్దేశంలో అది ఇంటి విషయం. టోనీ ఆ సలహా తీసుకెళ్లి పెదనాన్న జూనియర్‌ను పేరుకు ముఠా పెద్దను చేసి, పగ్గాలు తన దగ్గరే ఉంచుకుంటాడు. వైద్యం వ్యాపారానికి పనికొచ్చింది.

అయిదో ఎపిసోడ్‌లో కూతురు మెడోకు కాలేజీలు చూపించడానికి మెయిన్ రాష్ట్రానికి తీసుకెళ్తాడు. కారులో ఆ పిల్ల నువ్వు మాఫియాలో ఉన్నావా అని అడిగేస్తుంది. ముందు బుకాయించి, తర్వాత కొంత ఒప్పుకుంటాడు. తండ్రీకూతుళ్ల మధ్య అంత నిజాయితీ పుట్టిన రోజునే, పోలీసులకు సమాచారమిచ్చి పేరు మార్చుకుని అక్కడ బతుకుతున్న పాత మనిషి కంటబడతాడు. రెండు కాలేజీల మధ్య దొరికిన సమయంలో టోనీ అతన్ని తన చేతులతో చంపి, మళ్లీ కూతురి దగ్గరికి వస్తాడు. కథానాయకుడు ఇలా చేస్తే జనం అసహ్యించుకుంటారని ఛానల్ వాళ్లు భయపడ్డారు, చేజ్ పట్టుబట్టి ఉంచాడు. తర్వాత వచ్చిన వాల్టర్ వైట్‌కు తలుపు తీసింది ఆ పట్టుదలే.

టోనీ భార్య కార్మెలా విషయంలో సిరీస్ ఇంకా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. మూడో సీజన్‌లో ఆమె క్రాకోవర్ అనే వృద్ధ వైద్యుడి దగ్గరికి వెళ్తుంది. ఆయన పిల్లల్ని తీసుకుని వెళ్లిపొమ్మంటాడు. ఆమె దగ్గర ఫీజు తీసుకోవడానికి ఒప్పుకోడు, అది నెత్తుటి డబ్బు అంటాడు. ఇకమీదట నీకెవరూ చెప్పలేదని మాత్రం అనలేవన్న భావంతో ఆ సంభాషణ ముగుస్తుంది. ఆ తర్వాత ఆమె కొన్న ప్రతి నగ, అడిగిన ప్రతి వరం వెనక ఆ మాట వినబడుతూనే ఉంటుంది. ఎడీ ఫాల్కో నటన కోసమైనా ఈ సిరీస్ చూడాలి. జేమ్స్ గాండోల్ఫీనీ గురించి చెప్పేదేముంది, 2013లో ఆయన పోయినప్పుడు సొంత మనిషి పోయినట్టు బాధపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

ప్రసారమైన ఎనిమిదేళ్లలో పిల్లల పాత్రలు వేసినవాళ్లు నిజంగానే పెరిగి పెద్దయ్యారు. అందుకని దీన్ని ఎగబడి చూడటం కంటే రోజుకు ఒకటి చొప్పున చూడటం మంచిది. పెళ్లయి, పిల్లలుండి, అమ్మానాన్నల వయసు మీదపడటం చూస్తున్న నలభై దాటినవాళ్లకు ఇది తగిలినంతగా ఇరవయ్యేళ్ల వాళ్లకు తగలదని నా నమ్మకం. ఇరవైల్లో ఉన్నవాళ్లు దీన్ని తర్వాతకు దాచుకున్నా నష్టం లేదు.

బెటర్ కాల్ సాల్: బ్రేకింగ్ బ్యాడ్ చూసినవాళ్లకే

కథాకాలం ముందుది కదా, ముందు ఇదే చూద్దాం అనుకునేవాళ్లుంటారు. వద్దు. బ్రేకింగ్ బ్యాడ్‌లో నవ్విస్తూ వచ్చే లాయరు సాల్ గుడ్‌మన్‌ను మీరు ముందు చూసి ఉండాలి, వాడు ఏమవుతాడో తెలిసి ఉండాలి. అప్పుడే, సాల్ కాకముందు జిమ్మీ మెగిల్ అనే అసలు పేరుతో బతికిన, మంచి మనసున్న, చేతివాటం ఉన్న తమ్ముడి ప్రతి చిన్న ప్రయత్నం గుండెను పిండుతుంది. విన్స్ గిల్లిగన్, పీటర్ గౌల్డ్ కలిసి 2015 నుంచి 2022 వరకు చేసిన ఈ సిరీస్‌లో ఆరు సీజన్లు, 63 ఎపిసోడ్లు.

మొదటి సీజన్‌లో తుపాకులకంటే వీలునామాలు ఎక్కువ. వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్లకు వీలునామాలు రాసిపెట్టే జిమ్మీకి ఆ పని నిజంగా చేతనవును, వాళ్లతో మాట్లాడటం ఇష్టం కూడా. పెద్ద లాయరైన అన్న చక్ దృష్టిలో మాత్రం తమ్ముడు ఎప్పటికీ మోసగాడే, దూరవిద్యలో తెచ్చుకున్న అతని లా డిగ్రీ డిగ్రీయే కాదు. సీజన్ చివరికొచ్చేసరికి ఆ మాట బయటపడే తీరు ఏ కాల్పుల సన్నివేశం కంటే ఎక్కువ గాయం చేస్తుంది. అన్నదమ్ముల మధ్య చదువు, పరువు, తల్లిదండ్రుల ఇష్టం పేరుతో ఏర్పడే పగలు తెలిసినవాళ్లకు వివరం అక్కర్లేదు. ఇక కిమ్ వెక్స్‌లర్. రియా సీహార్న్ వేసిన ఈ లాయరు పాత్ర ఈ నాలుగు సిరీస్‌లలో నాకు అత్యంత నచ్చిన స్త్రీ పాత్ర. మొదటి ఎపిసోడ్‌లో పార్కింగ్ గోడకు ఆనుకుని జిమ్మీతో ఒకే సిగరెట్ పంచుకునే ఆ ఒక్క చిన్న సన్నివేశంలో ఇద్దరూ దాదాపు ఏమీ మాట్లాడరు. ఆమె పేరు బ్రేకింగ్ బ్యాడ్‌లో ఎక్కడా వినబడదు. ఎందుకన్న భయంతోనే ఆరు సీజన్లూ చూస్తాం.

నిదానం మాత్రం చాలా ఎక్కువ. ఒక మనిషి కారు విప్పి భాగాలన్నీ వెతకడాన్ని నిమిషాల తరబడి చూపిస్తారు. బ్రేకింగ్ బ్యాడ్ వేగం కోసం వచ్చేవాళ్లు మొదటి రెండు సీజన్లలో అలసిపోవచ్చు.

ఇంట్లో అందరూ ఉండగా చూడగలమా అన్నది మనకు చిన్న ప్రశ్న కాదు. సొప్రానోస్‌లో టోనీ ముఠా కూర్చునే చోటే ఒక స్ట్రిప్ క్లబ్, కాబట్టి నగ్నదృశ్యాలు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. వైర్‌లో అవి తక్కువ, బూతు చాలా ఎక్కువ. బ్రేకింగ్ బ్యాడ్‌లో హింస కడుపులో తిప్పేంతగా ఉంటుంది, శృంగారం పెద్దగా లేదు. నాలుగింటిలో పెద్దవాళ్లతో కూర్చుని చూడటానికి కాస్త నయమైంది బెటర్ కాల్ సాల్, అదీ అక్కడక్కడా రక్తం చూడగలిగితే. పదహారేళ్ల లోపు పిల్లలకు నాలుగింటిలో ఏదీ చూపించను. ఓటీటీల్లో హక్కులు తరచూ చేతులు మారుతుంటాయి, సబ్‌స్క్రిప్షన్ కట్టే ముందు ఆ సిరీస్ అన్ని సీజన్లూ అక్కడ ఉన్నాయో లేదో చూసుకోండి.

నాలుగూ చూడాలని నిశ్చయించుకున్నవాళ్లు బ్రేకింగ్ బ్యాడ్‌తో మొదలుపెట్టి, వెంటనే బెటర్ కాల్ సాల్‌కు వెళ్లకండి. మధ్యలో వైర్ పెట్టుకోండి. ఒక్క మనిషి గర్వం వల్ల ఇంత నాశనం జరిగిందన్న కథ తర్వాత, ఏ ఒక్కరి తప్పూ కాకుండానే ఊరు ఊరంతా ఎలా పాడవుతుందో చూస్తే రెండూ ఒకదానికొకటి బదులు చెప్పుకుంటాయి. పైగా ఆ విరామంలో సాల్ గుడ్‌మన్ వేషం కొంచెం మసకబారుతుంది, జిమ్మీని కొత్త మనిషిగా కలవగలుగుతారు. సొప్రానోస్‌ను ఆఖరుకు ఉంచి, రోజుకో ఎపిసోడ్ చొప్పున మూడు నెలలు ఇవ్వండి.